నైరుతి గదిలో బియ్యం బస్తాలు

ఇది జరిగి ఎనిమిదేళ్లు దాటింది. అప్పుడే రాసి పెట్టవలసిన సంగతి. రాయలేదు, ఎందుకంటే అప్పుడు నాకు రాయడం రాదు. మా అవ్వ, మా వైపు అమ్మను అట్లాగే అంటాం, కూలికి పోతూ నన్ను వెంట తీసుకుపోయేది, ఇసుక కుప్ప పక్కన చెల్లెల్ని ఆడించడానికి. చెల్లెలు నడక నేర్చేసరికి నేను ఇటుకలు అందించే ఈడుకు వచ్చాను. మధ్యలో బడి ఎక్కడా తగల్లేదు. సిమెంటు బస్తా మీది బొమ్మ చూసి ఏ కంపెనీదో చెప్పేదాన్ని గానీ అక్షరం చూసి కాదు. మోకాళ్లు అరిగి పని మానేశాక, అరవై రెండో ఏట, మా మహిళా సంఘం లీడరు నాకు పలక కొనిచ్చింది. కూడబలుక్కొని చదవడానికి ఏడాదిన్నర పట్టింది.

చదవడం వచ్చాక అందరూ దేవుడి పుస్తకమో పేపరో చదువుతారు. నేను బీరువా అడుగున దాచిన ఒక బయానా కాగితం తీశాను. ఇల్లు కొనేవాళ్లు ముందుగా కొంత సొమ్ము ఇచ్చి రాసుకునే కాగితం అది. కింద సాక్షి అన్నచోట నా బొటనవేలి ముద్ర ఉంది. రెండు పేజీలు చదవడానికి పొద్దున మొదలుపెడితే అన్నం వేళ దాటింది. చదివి, మడిచి, చాలాసేపు తిట్టాను. కొన్ని తిట్లు రాయించినాయనకు, కొన్ని నాకు.

నా పని గురించి రెండు మాటలు చెప్పాలి. పాతికేళ్లు తట్ట మోశాను. ఆ తర్వాత మా మేస్త్రి నా చేతికి తాపీ ఇచ్చి, గోడలకు సిమెంటు పూయడం, గచ్చు పోయడం నేర్పాడు. ఆడమనిషి తాపీ పట్టడం మా వైపు అప్పుడు వింత. మగ మేస్త్రీలు నవ్వేవాళ్లు.

"ఏందే, ఇగ మేం తట్టలు మొయ్యాల్నా?"

"మొయ్యుండ్రి. మెడలు నొస్తే తెలుస్తది," అనేదాన్ని.

యాభైకి దగ్గర పడేసరికి ఇంకో పని తోడైంది. పాత ఇల్లు కొనేవాళ్లు నన్ను వెంట తీసుకుపోయి చూపించుకునేవాళ్లు. ఇంజనీరును పిలిచే స్తోమత లేనివాళ్లకు నేనే ఇంజనీరును. రూపాయి బిళ్లతో గోడను కొట్టి వినేదాన్ని. గచ్చు మీద చెంబెడు నీళ్లు పోసి ఎటు పారుతాయో చూసేదాన్ని. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగు వాసన వస్తే, ఆ గోడ దగ్గరే ఎక్కువసేపు నిలబడేదాన్ని. అప్పటికి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని నాకు కొంచెం గర్వం ఉండేది.

ఆ ఏడాది నన్ను పిలిచింది ఒక నేత దంపతులు. సిరిసిల్లలో ఇంకొకరి సాంచాల మీద కూలికి పనిచేసేవాళ్లు. సాంచా అంటే మా వైపు మరమగ్గం. ఆమె పుట్టిల్లు సుల్తానాబాద్, మా వాడకట్టే, అందుకే నన్ను అక్కా అనేది. ఇద్దరూ పన్నెండేళ్లు కడుపు కట్టుకొని కూడబెట్టారు. సుల్తానాబాద్ వచ్చి ఒక పాత ఇల్లు కొనాలి, అందులో రెండు పాత సాంచాలు పెట్టుకోవాలి, ఇక ఒకరి కింద నిలబడకూడదు. వాళ్ల ఆశ అంతే.

ఇల్లు అమ్ముతున్నది పొలాలు, బియ్యం వ్యాపారం ఉన్న ఇంటాయన. ఊళ్లో అందరూ పటేలు అంటారు, నేనూ అట్లాగే అంటాను. ఆయన కొత్త మేడ కట్టుకొని పక్క వీధికి మారాడు. పాత ఇంటిని బియ్యం గోదాములా వాడేవాడు.

నేను ఇల్లు చూడటానికి పోయిన రోజు పటేలు భార్య కుర్చీ వేసింది.

"కూసో అక్కా, ఎండల వచ్చినవు," అన్నది.

మేడ నుంచి తెప్పించి, వాళ్లు తాగే కప్పులోనే చాయ్ పోసి ఇచ్చింది. మీకు ఇది చిన్న సంగతి అనిపించవచ్చు. మా ఊళ్లో పెద్ద ఇళ్లు ఎన్నో నా చేతుల మీదుగా లేచాయి. వాటిలో ఒక్క ఇంట్లోనూ, కట్టేటప్పుడు గానీ కట్టిన తర్వాత గానీ, నాకు ఎవరూ కుర్చీ వేయలేదు. గడప బయట కింద కూర్చొని విస్తరాకులో తినడమే తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్న పావుగంటలో నా నలభై ఏళ్ల తెలివి ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు.

గదులన్నీ చూశాను. గోడలు కొట్టాను, నీళ్లు పోశాను. నైరుతి గదిలో మాత్రం బియ్యం బస్తాలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. నిలబడే చోటు కూడా లేదు.

"గవి రేపో ఎల్లుండో లేపుతరు," అన్నాడు పటేలు. "గా గదికేమైతదక్కా, అన్ని గదులు ఎట్లనో అదీ గట్లనే."

బస్తాలు తీయించమని అడగాలి. వేరే ఇల్లయితే అడిగేదాన్ని. కుర్చీ వేసిన ఇంట్లో అడగలేకపోయాను. తలుపు దగ్గర నిలబడి చూసి, నేతామెతో "మంచిగనే ఉన్నది చెల్లె" అన్నాను.

మరునాడు కాగితం రాసుకున్నారు. రెండు లక్షలు బయానా. పటేలు తానే గట్టిగా చదివి వినిపించాడు. మంచి గొంతు ఆయనది. నేతాయన అయిదు దాకా చదువుకున్నాడు, కానీ పటేలు చదివినాక మళ్లీ కాగితం అడిగి చూసుకుంటే నమ్మనట్టు ఉంటుందని ఊరుకున్నాడు. సాక్షి సంతకం అంటే నేను వేలు చాచాను. పటేలే ఇంకు ప్యాడ్ పట్టుకున్నాడు. మర్యాద అంటే అట్లా ఉండాలి అనుకున్నాను.

పది రోజుల తర్వాత నేతాయన నన్ను మళ్లీ పిలిచాడు. సాంచాలు కింద గట్టిగా బిగించాలి, లేకపోతే నడిచినప్పుడు అదురుతాయి. ఎక్కడ గచ్చు పగలగొట్టాలో కొలత చూడమన్నాడు. బరువు నైరుతిలో ఉండాలని వాస్తు చూసిన అయ్యగారు చెప్పాడట, అందుకే సాంచాలు నైరుతి గదిలో. బస్తాలు లేపేశారు. తాళం చెవి తీసుకొని ముగ్గురం పోయాం.

చెంబెడు నీళ్లు పోశాను. నీళ్లు తలుపు వైపు రాలేదు, నీళ్లు బయటికి పోయే మోరీ వైపు పోలేదు. గది మధ్యకు పోయి గుండ్రంగా నిలిచాయి.

బిళ్లతో కొట్టాను. కుండను కొట్టినట్టు పలికింది. గోడ అంచున గచ్చుకూ గోడకూ మధ్య వేలు పట్టేంత సందు, దాన్ని తెల్ల సిమెంటుతో పూడ్చారు. వెనుక గోడకు మూల నుంచి కిటికీ దాకా ఏటవాలు పగులు, మీద లప్పం పూసి రంగు కొట్టారు. ఇదంతా బస్తాల వెనుక ఉంది. బస్తాలు బియ్యం కోసం కాదని అప్పుడు అర్థమైంది.

గాలి కోసం కిటికీ తెరిచాను. ఎదురుగా బియ్యం మిల్లు పొగగొట్టం, పైన ఒక పక్క విరిగి ఉంది. ఆ గొట్టాన్ని సరిగ్గా ఈ చోటి నుంచే ఆరు రోజులు చూశాను నేను. అప్పుడు ఇక్కడ గది లేదు. నీళ్లు చేదుకునే బాయి ఉండేది.

అప్పటికి ఇరవై రెండేళ్ల వెనుకటి మాట. ఇప్పటి పటేలు తండ్రి అప్పుడు ఇంటి పెద్ద. నైరుతిలో బాయి ఉంటే ఇంటి పెద్దకు గండమని ఎవరో చెప్పారు. బాయి పూడ్చి, మీద గది లేపమని మా మేస్త్రిని పిలిచాడు. ఎనిమిది గజాల లోతు. రాళ్లు, మొరం తెప్పిస్తే ఖర్చు. మిల్లు వెనుక ఊక బూడిద గుట్టలుగా పడి ఉంది, ఊరికే వస్తుంది.

మా మేస్త్రి చెప్పాడు. నేను విన్నాను. "పటేలా, బూడిద కూసుంటది. మీద గోడ లేపితే ఎప్పటికన్న దిగుతది."

"నువ్వు మేస్త్రివా, ఇంజనీరువా?" అన్నాడు పెద్ద పటేలు. అంతే.

ఆరు రోజులు మోశాం. ముక్కు చీదితే నలుపు, ఉమ్మితే నలుపు. ఇంటికి పోతే మా పిల్ల నన్ను చూసి ఏడ్చింది. పైన మూడడుగులు మొరం పోసి తొక్కి, గది లేపాం. మా మేస్త్రి మంచివాడు, పనిలో దొంగతనం ఎరగడు. కానీ ఆ రోజు చాయ్ తాగుతూ నాతో అన్నాడు: "మన మాట మనం చెప్పినం. ఇనలే. ఇగ తట్ట ఎత్తు." ఎత్తాను. ఆయన ఇప్పుడు లేడు, ఆయన మీద నెట్టను. తట్ట నా నెత్తి మీదనే ఉంది.

ఇంకొక మాట. ఆ ఆరు రోజులూ పెద్ద పటేలు కొడుకు కొత్త మోటారు బండి మీద కూర్చొని మమ్మల్ని చూస్తూ ఉండేవాడు. మాకు నెత్తి మీద బూడిద, ఆయన తెల్ల చొక్కా. ఆ కొడుకే ఇప్పుడు నాకు కుర్చీ వేయించిన పటేలు.

మొదటిసారి ఇల్లు ఎందుకు పోల్చుకోలేదని మీరు అడుగుతారు. అప్పటి గుమ్మం దక్షిణానికి. తర్వాత దాన్ని మూసి తూర్పుకు తిప్పారు, ముందు భాగం కొత్తగా కట్టారు. వీధి కూడా మారిపోయింది, తెల్ల చొక్కా కుర్రాడు పెద్దమనిషి అయ్యాడు. నేను తూర్పు నుంచి వచ్చాను, కుర్చీలో కూర్చున్నాను, కిటికీ దాకా పోలేదు.

ఇద్దరికీ చెప్పాను. నేతాయన గడప మీద కూలబడ్డాడు.

"అక్కా, నువ్వే మంచిగున్నదంటివి గదా," అన్నాడు.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది.

"ఈ గది నిలబడాల్నంటే ఏం చెయ్యాలె?" అని ఆమె అడిగింది.

"గచ్చు తవ్వాలె, బూడిద తోడాలె, రాళ్లు మొరం నింపాలె, పిల్లర్లు ఏసి బీము పొయ్యాలె. వెనుక గోడ విప్పాలె. ఎంత లేదన్నా మూడు లక్షలు. చెయ్యకుంట సాంచాలు పెడితే, అదురుకు ఎప్పుడు దిగుతదో చెప్పలేం. మీరు దాని ముందటనే నిలబడి పనిచేస్తరు."

ఆమె ఆ నీళ్ల మడుగునే చూస్తూ నిలబడింది. వెనక్కి తగ్గితే రెండు లక్షలు పోతాయి. తగ్గకపోతే మిగతా సొమ్మంతా పోసి బూడిద మీద సాంచాలు పెట్టుకోవాలి. వాళ్ల పన్నెండేళ్లూ ఆ గదిలో దిగబడి ఉన్నాయి, దించింది నా మాట.

ఆ సాయంత్రమే ముగ్గురం పటేలు మేడకు పోయాం. ఈసారి కుర్చీలు వేయలేదు. వరండాలో నిలబడ్డాం. ఒక పక్కన పటేలు తల్లి, ఎనభై దాటిన ముసలామె, చాప మీద కాళ్లు చాపుకొని చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది.

నేను గచ్చు సంగతి, పగులు సంగతి చెప్పాను. పటేలు నవ్వాడు.

"పాతిల్లన్నంక ఒక పగులు ఉండదా? ఫికర్ చెయ్యకుండ్రి. నలపై వేలు తగ్గిస్త, సిమెంటు కొట్టుకోండ్రి."

"పగులు కాదు పటేలా. కింద బాయి ఉన్నది."

"బాయా? ఏం బాయి? ఆ ఇంట్ల బాయే లేదు. నేను పుట్టి పెరిగిన ఇల్లది, నాకు తెల్వదా?"

"బూడిద పోసి పూడ్చినం. నేనే మోసిన."

"ఎక్కడనో మోసినవు, ఇక్కడ అంటున్నవు. ఊళ్ల ఎన్ని ఇండ్లకు మోసినవో నీకే యాదికుండదు." నేతాయన వైపు తిరిగాడు. "ఏం తమ్మీ, తట్టలు మోసేదాని మాట పట్టుకొని వచ్చినవా?"

మొన్నటి అక్క ఈరోజు తట్టలు మోసేది అయింది. అరవాలనిపించింది. నోరు తెరిచి, ముసలామెను చూసి ఆగాను. వెళ్లి ఆమె పక్కన చాప అంచున కూర్చున్నాను. కుర్చీ కన్నా అది నాకు అలవాటైన చోటు. చిక్కుడుకాయలు కొన్ని ముందుకు లాక్కొని తుంచడం మొదలుపెట్టాను.

"అవ్వా, గీ కాయలకు పప్పు మంచిగుంటది. మీ పాతింట్ల నల్లా నీళ్లకు పప్పు ఉడుకుతుండెనా?"

"నల్లా ఏడిదే?" అన్నది ముసలామె. "అప్పుడు నల్లాలున్నయా? మాకు బాయి ఉండె. అసొంటి నీళ్లు గీ ఊళ్లనే లేకుండె. పప్పు పొయ్యి మీద పెట్టి చీరె మార్చుకునే లోపల మెత్తగయితుండె. వాడకట్టంతా మా బాయికే వస్తుండె."

"అవ్వా, లోపలికి పో," అన్నాడు పటేలు.

"ఏ దిక్కుకుండె అవ్వా?" అన్నాను నేను.

"ఎనుకకే, మిల్లు దిక్కు. నైరుతిల బాయి ఉంటే ఇంటాయనకు మంచిది కాదని ఎవడో చెప్పిండు. మా ఆయన బూడిద పోయించిండు. నా బాయి పాయె. ఏడాది తిరగకముందే ఆయన కూడ పాయె."

"అవ్వా! ఊకో!"

"ఎందుకూకోవాలెరా? నా బాయి గురించి నేను చెప్పుకుంటున్న, నీ బియ్యం గురించి చెప్తున్ననా?" నన్ను తేరిపార చూసింది. "నువ్వు బూడిద మోసినామెవు గదా? దగ్గుకుంట మోస్తుండె ఒకామె. నీకు మజ్జిగ పోసిన."

పోసింది. నాకు యాదికి లేదు, ఆమెకు ఉంది. ఆ మజ్జిగ కూడా గడప బయటే తాగి ఉంటాను, కానీ ఆ పూట ఆమె చేసిన మేలు నేను మరువను.

పటేలు లోపలికి పోయి కాగితం పట్టుకొచ్చాడు.

"సరే, బాయి ఉన్నదే అనుకుందాం. ఈ కాగితంల ఏం రాసున్నదో తెలుసా? మేస్త్రితోని ఇల్లంతా చూపెట్టుకున్నం, ఏ లోపం లేదు, ఇగ ఏ పేచీ పెట్టం అని ఉన్నది. కింద ఎవరి వేలు నిశాని? నీదే. వద్దనుకుంటే పోండ్రి, బయానా మర్చిపోండ్రి."

నేతాయన కాగితం అందుకొని వేలు పెట్టుకుంటూ చదివాడు. ఆ వాక్యం ఉంది. ఆ రోజు ఆ మంచి గొంతుతో చదివినప్పుడు ఆ వాక్యం మాకు వినపడలేదు. మా ముగ్గురి చెవులూ ఒక్కసారే చెడిపోయి ఉండవు.

నాకు అప్పుడు వచ్చిన కోపం ఇల్లు గురించి కాదు. ఇల్లు అమ్ముకునేవాడు లోపం దాస్తాడు, అది నేను చాలాసార్లు చూశాను. నా వేలు పట్టుకొని నాతోనే అబద్ధం ఆడించాడు. నాకు చదువు రాదని తెలిసి, దాన్ని కూడా గది కింద బూడిదలాగా వాడుకున్నాడు.

"పటేలా," అన్నాను లేచి నిలబడి, "నిశాని నాదే. కాదన. రేపు గడ్డపార నేనే తెస్త, కూలి నాదే. వాడకట్టోళ్లను పిలుస్త. అందరి ముందట నాలుగు ఫీట్లు తవ్వుదాం. బూడిద రాకుంటే నీ రెండిండ్లకు సున్నం ఫుకట్ల ఏస్త, నీ గడప ముందట ముక్కు నేలకు రాస్త. వస్తే ఏం జేస్తవో నువ్వు చెప్పు."

ఆయన ఎవరన్నా విన్నారా అని వీధి వైపు చూశాడు. నేనంటే భయం కాదు. వాడకట్టు ముందర తవ్వితే ఆ ఇల్లు ఇక ఎవరూ కొనరు.

"తొంబై వేలు తగ్గిస్త," అన్నాడు.

నేతాయన నా వైపు చూశాడు. ఆశ పడ్డాడు, నాకు కనపడింది. తొంబై వేలంటే ఆయనకు చిన్న మాట కాదు. ఆయన భార్య ముందుకు వచ్చింది.

"పటేలా, నువ్వు తగ్గించిన పైసలు గోడ కింద పెడితే గోడ నిలబడ్తదా? గది బాగుచేసి అమ్ము, కొంటం. లేకుంటే మా బయానా మాకియ్యి. ఒక సాంచాకు నేను, ఒక సాంచాకు మా ఆయన. ఇద్దరం ఒకటేసారి బాయిల పడితే మా పిల్లలకు ఎవడు పెడతడు? నువ్వు పెడతవా?"

ముసలామె చిక్కుడుకాయ పక్కన పెట్టి, "ఇచ్చెయ్యిరా," అన్నది. "ఆడపిల్ల నోటెంబడి అసొంటి మాట రానియ్యొద్దు."

ఇచ్చాడు. అప్పటికప్పుడే లోపలి నుంచి తెచ్చి ఇచ్చాడు, పదివేలు తగ్గించి. "నా టైమ్ ఖరాబ్ చేసిన్రు, దానికి," అన్నాడు. నేతాయన పట్టించుకోకుండా తీసుకున్నాడు. ఆ పదివేలు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. బాయి దాచింది ఆయన, వాక్యం మింగింది ఆయన, పాడైంది మాత్రం ఆయన టైమ్. కాగితం మీద కొట్టివేత గీత గీసి మా ముందు పడేశాడు. వాళ్లు వద్దన్నారు, నేను తెచ్చుకున్నాను.

మెట్లు దిగుతుంటే వెనుక నుంచి అన్నాడు: "మీరు కాకుంటే నాకేం తక్కువ? రేపు పొద్దుగాలనే కరీంనగర్ కెల్లి ఒకాయన వస్తున్నడు చూడనీకి."

ఆ దంపతులు ఏడాదిలోపే ఇంకో ఇల్లు కొన్నారు. దాని సాంచాల గదికి గచ్చు నేనే పోశాను, కూలి తీసుకోలేదు. ఆమె ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది. నేను ఒకసారి తప్పు చెప్పానని ఎన్నడూ అనలేదు. అనకపోవడం వల్లే అది నాకు మరుపు రాదు.

ఇప్పుడు సైట్లలో తాపీ పట్టే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. మీలో చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారు, నాకు సంతోషం. మీకు నేను పని నేర్పనక్కర లేదు. ఒకటే చెబుతాను. ఇల్లు చూడటానికి పోయినప్పుడు ఎవరైనా మర్యాద చేస్తే సంతోషంగా తీసుకోండి, చాయ్ తాగండి, తర్వాత లేచి బస్తాలు తీయించండి. అడిగితే పోయే మర్యాద అయితే అది మీకు చేసింది కాదు, బస్తాలకు చేసింది.

పటేలు బయానా తిరిగి ఇచ్చిన మరునాడు నాకు ఒక ఇంటి గోడల పని ఉంది. పోలేదు. రాయడం వచ్చి ఉంటే బొగ్గు ముక్క తీసుకొని ఆ ఇంటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసేదాన్ని. రాదు కాబట్టి సద్ది కట్టుకొని పోయి, ఆ ఇంటి ఎదురుగా మూసి ఉన్న కిరాణా కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. ఎండ మెట్ల దాకా వచ్చేసరికి తెల్ల కారు ఒకటి వచ్చి ఆగింది. మొగుడూ పెళ్లాం దిగారు. పటేలు ఇంకా రాలేదు. ఆమె అటూ ఇటూ చూసి నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, అమ్మకానికున్న ఇల్లు ఇదేనా?"

"ఇదే బిడ్డా," అన్నాను. "లోపలికి పోయినంక కుర్చీ ఏస్తరు, కూసోకు. నైరుతి గదిల బస్తాలు ఉంటే తీపియ్యి. వాటి కింద బాయి ఉన్నది. నేనే పూడ్చిన."